సముద్రం ఒడ్డునా, అడవిలోనా? నడక సెలవుల మీద మీ ప్రశ్నలు

వరసగా కొన్ని రోజులు నడిచే యాత్రల మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జర్మనీలోనూ ఆ చుట్టుపక్కలా ఉంటున్న మనవాళ్లవే. దాదాపు అందరిదీ ఒకటే సందేహం: పోర్చుగల్ తీరం వెంబడి ఫిషర్‌మెన్స్ ట్రైల్ నడవాలా, జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ అడవిలో వెస్ట్‌వెగ్ నడవాలా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ రెండు దారులకే ఇచ్చేశాం.

ప్రశ్న: మేం స్టుట్‌గార్ట్‌లో ఉంటాం, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మే నెల మధ్యలో పది రోజులు సెలవు దొరికింది. మా ఆయనది భీమిలి, సముద్రం కనపడకపోతే అది సెలవే కాదంటాడు. నాకేమో అడవి ఇష్టం, పైగా వెస్ట్‌వెగ్ అయితే రైలెక్కిన గంటలోపు మొదలుపెట్టేయొచ్చు. ఆదివారాలు పది, పన్నెండు కిలోమీటర్లు నడుస్తాం కానీ రోజుల తరబడి ఎప్పుడూ నడవలేదు. ఫోటోలు చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. ఏదో ఒకటి తేల్చండి, ఇంట్లో గొడవ ఆగుతుంది.

జవాబు: తేల్చేస్తున్నాను, సముద్రం. ఇందులో మీ ఆయన గొప్పేం లేదు, మే నెల అలాంటిది. ఆ నెలలో పోర్చుగల్ తీరంలో ఎండ ఇంకా ముదరదు, కొండ అంచుల నిండా పూలుంటాయి. ఇక్కడ బ్లాక్ ఫారెస్ట్ ఎత్తుల్లో చూస్తే ఫెల్డ్‌బెర్గ్ కొండ నీడ వైపు వాలుల్లో మంచు కొంత మిగిలిపోయి ఉండొచ్చు, పైగా ఉత్తరం వైపు కొండలు జర్మనీలో బాగా వానపడే చోట్లలో ఒకటి. అదే ప్రశ్న జూన్ చివర్లోనో సెప్టెంబర్‌కో అడిగుంటే మీ పక్షమే మాట్లాడేవాణ్ని.

ఫోటోలు చూసి మాత్రం తేల్చుకోకండి, ఫోటోలో అన్ని దారులూ బాగుంటాయి. చూడాల్సింది కాలి కింద ఏముందో, మధ్యలో చాలనిపిస్తే ఎలా బయటపడతామో. మొదటిసారి నడిచేవాళ్లకు ఈ రెండో సంగతే అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఎవరూ అడగరు.

ముందు కాలి కింద సంగతి. సముద్రం ఒడ్డు కదా, చదునుగా ఉంటుంది, తేలిక అనుకుంటారు. పోర్టో కోవో నుంచి విలా నోవా ద మిల్‌ఫొంటెస్ దాకా మొదటి రోజు సుమారు 20 కిలోమీటర్లు, అందులో చాలా భాగం ఇసుక తిన్నెల మీదే. అడుగు వేస్తే మడమ లోపలికి దిగబడుతుంది, దాన్ని పైకి లాగి ఇంకో అడుగు వేసేసరికి పావు అడుగు వెనక్కి జారతారు. గంటకు మూడు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మెష్ బూట్లు వేసుకున్నవాళ్లు గంటకోసారి రాయి మీద కూర్చుని, బూటు బోర్లించి దులిపి, మేజోడు తిరగేసి, వేళ్ల సందుల్లో ఇసుక తుడుచుకుని మళ్లీ కట్టుకుంటూ కనిపిస్తారు. తుడుచుకోకపోతే సాయంత్రానికి బొబ్బలు గ్యారంటీ. ఈ ఒక్క రోజుకి ఏడు గంటలు పెట్టుకోండి. పొద్దున్నే ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది కాబట్టి ఏడింటికల్లా బయల్దేరండి. నీడ అనేది దాదాపు లేదు. మధ్యలో హోటళ్లు ఉన్నా లేనట్టే అనుకుని, తలకి రెండేసి లీటర్ల నీళ్లు పెట్టుకోండి.

ఆ మొదటి రోజు గడిస్తే మిగతాది హాయి. మిల్‌ఫొంటెస్ నుంచి అల్మొగ్రావ్ 15 కిలోమీటర్లే, మీరా నది దాటడానికి పడవ దొరికితే ఇంకా తగ్గుతుంది. తర్వాత జాంబుజైరా దో మార్ వరకు 22. ఈ దారిలోనే సర్దావ్ అనే కొండకొమ్ము వస్తుంది, అక్కడ సముద్రంలోంచి నిటారుగా లేచిన రాతి స్తంభాల కొసన తెల్ల కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. మీరు పైన అంచున నిలబడితే గూడు మీ కంటికి కిందుగా ఉంటుంది, మేలో అయితే పిల్లలు మెడలు చాచి నోళ్లు తెరవడం కూడా కనిపిస్తుంది, ఆ కింద అలలు విరిగిపడుతూ ఉంటాయి. పక్కనే ఉన్న లైట్‌హౌస్‌ను ప్లాన్ తిరగేసి కట్టేశారని, అందుకే దీపం బురుజు సముద్రం వైపు ఉండాల్సింది నేల వైపుకొచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. జాంబుజైరా నుంచి ఒడెసైష్ వరకు ఇంకో 18. ఈ నాలుగు రోజులూ, మధ్యలో జాంబుజైరాలో ఒక రోజు విశ్రాంతి, లిస్బన్‌లో రెండు రోజులు, రాకపోకలు, మీ పది రోజులకి సరిగ్గా సరిపోతుంది. మొత్తం ట్రైల్ 226 కిలోమీటర్లు ఉంటుంది, లాగోస్ దాకా పోతుంది, అదంతా నడవాలని మొదటిసారే పంతం పట్టకండి.

ఉత్తరం నుంచి దక్షిణానికే నడవండి. అక్కడ గాలి ఎక్కువగా ఉత్తరం నుంచే వీస్తుంది, వీపు మీద ఉంటే తోస్తుంది, ఎదురైతే ఇసుక కళ్లలో కొడుతుంది. మీ ఆయనకొక మాట చెప్పండి: అది అట్లాంటిక్, నీళ్లు మే నెలలో కూడా చల్లగా ఉంటాయి, భీమిలిలో దిగినట్టు ఎక్కడ పడితే అక్కడ దిగడానికి లేదు. లైఫ్‌గార్డులుండే బీచ్‌ల్లో, వాళ్లుండే నెలల్లోనే. కొండ అంచులు కూడా గట్టివి కావు, సెల్ఫీ కోసం చివరికి పోవద్దు.

ఇక బయటపడే సంగతి. మధ్యలో కాలు బెణికితే సముద్రం పక్కన ముందుకో వెనక్కో ఊరు చేరాల్సిందే, ఊరు చేరాక కూడా బస్సులు రోజుకి కొన్నే. వెస్ట్‌వెగ్ మీద అలా కాదు. దారి ఎక్కడికక్కడ రోడ్లను దాటుతూ పోతుంది, చాలా చోట్ల కిందకి దిగితే బస్సో రైలో ఉంటుంది. అందుకే మామూలుగా మొదటిసారి నడిచేవాళ్లకి అడవే చెబుతాను. మీ విషయంలో మాత్రం నెల అడ్డొచ్చింది, పైగా నాలుగు రోజులే నడుస్తారు, ప్రతి సాయంత్రం ఊళ్లో పడకే కాబట్టి భయం లేదు. బరువు సంచులను ఒక బస నుంచి ఇంకో బసకి చేర్చే సర్వీసులున్నాయి, డబ్బు చూసుకోకుండా పెట్టించుకోండి. గదులు మాత్రం ఇప్పుడే బుక్ చేయండి, అవన్నీ చిన్న ఊళ్లు, ఏప్రిల్ మే నెలల్లో నిండిపోతాయి. జర్మనీ రెసిడెన్స్ కార్డుతో పోర్చుగల్‌కి వేరే వీసా అక్కర్లేదు కానీ కార్డుతో పాటు పాస్‌పోర్టు కూడా జేబులో ఉండాలి.

మీ అడవి కోరిక కూడా తీరే మార్గం ఒకటుంది. అదే ప్రాంతంలో కాస్త లోపలగా హిస్టారికల్ వే అని ఇంకో దారి ఉంది, సుమారు 263 కిలోమీటర్లు, పల్లెల మధ్యా, సీసా బిరడాలు చేసే కార్క్ చెట్ల తోపుల మధ్యా పోతుంది. కార్క్ చెట్టు బెరడు ఒలిచాక మాను ఎర్రగా, ఇటుక రంగులో ఉంటుంది, దాని మీద తెల్లరంగుతో ఒక అంకె రాసి ఉంటుంది. 2 అని ఉంటే 2022లో ఒలిచారని. మళ్లీ తొమ్మిదేళ్లకి గానీ దాన్ని ముట్టుకోరు. విశ్రాంతి రోజున ఆ దారిలో ఓ పూట నడిచి రండి, అంకెలు లెక్కపెట్టుకుంటూ.

ప్రశ్న: ఏలూరు దగ్గర రిటైర్డ్ టీచర్‌ని. నాకు 64, మా ఆవిడకి 60. జులైలో కార్ల్స్‌రూహేలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాం. రోజూ పొద్దున్న గంటన్నర నడిచే అలవాటు ఇద్దరికీ ఉంది. అమ్మాయి పోర్చుగల్ సముద్రం అంటోంది, అల్లుడుగారు వెస్ట్‌వెగ్ అంటున్నారు. మా ఆవిడకి మెట్లు దిగితే మోకాళ్లు పట్టేస్తాయి.

జవాబు: మాస్టారూ, ఈసారికి అల్లుడుగారి మాటే వినండి. జులైలో పోర్చుగల్ తీరం నడకకి పనికిరాదు. ఆ ట్రైల్ నిర్వాహకులే సెప్టెంబర్ నుంచి జూన్ దాకా నడవమంటారు. మన ఏలూరు ఎండకి అలవాటు పడ్డవాళ్లం, మాకేంటి అనుకోవద్దు. ఏలూరులో జులై మిట్టమధ్యాహ్నం ఎవరూ నీడలేని ఇసుకలో ఆరేడు గంటలు నడవరు. పైగా వేసవిలో అక్కడ కార్చిచ్చులొస్తాయి, 2023 ఆగస్టులో ఆ దారి పోయే ఒడెమీరా ప్రాంతంలో పెద్దదే వచ్చింది.

అలాగని వెస్ట్‌వెగ్ మొత్తం నడవమని కాదు. అది ఫోర్ట్స్‌హైమ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాజెల్ వరకు 285 కిలోమీటర్లు, 1900లో గుర్తులు పెట్టిన దారి, చెట్ల మీద ఎర్ర డైమండ్ గుర్తు కనిపిస్తూ ఉంటుంది. పన్నెండు పదమూడు రోజుల పని, రోజుకి ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఎక్కడం దగ్గర అమ్మగారికి ఇబ్బంది ఉండదు, దిగడం దగ్గరే మోకాళ్లు ఏడుస్తాయి. కాబట్టి ఊరు మారకుండా టిటిజేలోనో హింటర్‌త్సార్టెన్‌లోనో నాలుగైదు రాత్రులు దిగండి. అక్కడ బసచేసే అతిథులకి కోనస్ కార్డు ఇస్తారు, ఆ చుట్టుపక్కల బస్సులూ లోకల్ రైళ్లూ ఉచితం. కార్ల్స్‌రూహేలో అమ్మాయి ఇంట్లో ఉండి రోజూ వచ్చిపోతే ఈ కార్డు రాదు, బసలో పేరు రాయించుకుంటేనే.

పొద్దున బస్సులో పైకి వెళ్లి, వెస్ట్‌వెగ్ మీద చదునుగా ఉన్న ముక్క ఆరేడు కిలోమీటర్లు నడిచి, ఇంకో స్టాపు దగ్గర బస్సెక్కి వచ్చేయండి. ఫెల్డ్‌బెర్గ్, అంటే అక్కడ అన్నిటికన్నా ఎత్తైన 1,493 మీటర్ల కొండ, దాని మీదకి కూడా చాలా దూరం కేబుల్ కారులో పోవచ్చు, తిరుగు ప్రయాణం కూడా అందులోనే పెట్టుకుంటే దిగే బాధ లేదు. ఇద్దరూ చేతికర్రలు కొనుక్కోండి, ఒక్కొక్కరికి రెండేసి. కర్ర పట్టుకుంటే ముసలివాళ్లలా కనిపిస్తామని మొహమాటపడకండి, అక్కడ పాతికేళ్లవాళ్లూ పట్టుకుంటారు.

పెద్దవాళ్లు పైకి అడగలేని సంగతి కూడా చెబుతాను, అడవిలో గంటల తరబడి బాత్రూమ్ ఉండదు. బయల్దేరే ముందు, టీ తాగిన చోట, బస్టాండ్ దగ్గర, కనిపించినప్పుడల్లా వెళ్లొచ్చేయండి, చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. ఇన్సూరెన్స్ పేపర్ కూడా ఒకసారి చదవండి. వీసా కోసం 30,000 యూరోల వైద్య కవరేజీ తీసుకుంటారు కదా, చాలా పాలసీల్లో పాత జబ్బులు ఉండవు, మోకాలి సంగతి అందులో ఎలా రాశారో చూసుకోవాలి.

ప్రశ్న: లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. డబ్బులు తక్కువ. టెంట్ ఉంది. ఎక్కడ పడుకున్నా పర్లేదు. అడవి చవకా, సముద్రం చవకా?

జవాబు: ఎక్కడ పడుకున్నా పర్లేదని మీరనుకుంటే చాలదు తమ్ముడూ, అక్కడి చట్టం కూడా అనుకోవాలి. బ్లాక్ ఫారెస్ట్‌లో ఇష్టమొచ్చిన చోట టెంట్ వేయకూడదు, పోర్చుగల్‌లో ఆ ట్రైల్ పోయే తీరం దాదాపు అంతా నేచర్ పార్క్, అక్కడా కుదరదు. దొరికితే జరిమానా. స్టూడెంట్ వీసాతో ఉన్నవాడికి ఆ టెన్షన్ ఎందుకు?

అడవే చవక, విమానం టికెట్ ఉండదు కాబట్టి. డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే (2025లో నెలకి 58 యూరోలు, 2026 నుంచి 63, మీ యూనివర్సిటీ సెమిస్టర్ టికెట్‌లో ఇప్పటికే ఉందేమో ముందు చూసుకోండి) రీజనల్ రైళ్లు పట్టుకుని ఫోర్ట్స్‌హైమ్ చేరొచ్చు, లైప్‌జిగ్ నుంచి రోజంతా పడుతుంది, పుస్తకం పెట్టుకోండి. వచ్చేటప్పుడు బాజెల్‌లో జర్మన్ వాళ్ల స్టేషన్ వరకు అదే టికెట్ చెల్లుతుంది. బ్లాక్ ఫారెస్ట్‌లో మే నుంచి అక్టోబర్ దాకా ట్రెకింగ్ క్యాంపులని కొన్ని నడుపుతారు, కొద్ది టెంట్లకే చోటు, ఒక టాయిలెట్, అంతే. ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, శనివారాలు త్వరగా అయిపోతాయి. అన్ని రాత్రులకీ దారి పక్కనే దొరకవు, మధ్యలో ఒకటి రెండు రాత్రులు యూత్ హాస్టల్ పెట్టుకోండి. పోర్చుగల్ వెళ్లాలనే ఉంటే పోర్టో కోవో, మిల్‌ఫొంటెస్, జాంబుజైరాల్లో క్యాంప్‌సైట్లున్నాయి, అల్మొగ్రావ్‌లో యూత్ హాస్టల్ ఉంది. ఇసుకలో టెంటు మోయడం మాత్రం సరదా కాదు.

బ్లాక్ ఫారెస్ట్ గురించి ఒక నిజం కూడా తెలుసుకుని వెళ్లండి. పేరు విని చిక్కటి అడవి అనుకుంటారు, చాలా చోట్ల అది కలప తోట. వెడల్పాటి కంకర రోడ్డు, రెండు పక్కలా ఒకే ఎత్తు స్ప్రూస్ చెట్లు, మధ్యమధ్య దుంగల గుట్టలు. రెండు మూడు గంటలు అలాగే పోతే విసుగొస్తుంది. అసలు అడవి చూడాలంటే ష్లిఫ్‌కోఫ్ కొండ దగ్గర లోథార్ పాథ్‌కి పక్కదారి పట్టండి. 1999 డిసెంబర్ 26న లోథార్ అనే తుపాను అక్కడ కొండకి కొండే పడగొట్టింది. ఆ ఒక్క ముక్కని మాత్రం బాగుచేయకుండా పడిన చెట్లను పడినట్టే వదిలేశారు. కూలిన మానుల మధ్యనుంచి, కొన్ని చోట్ల వాటి మీదనుంచి, చెక్క మెట్ల మీద నడుస్తూ కొత్తగా మొలిచిన చెట్లెంత ఎత్తయ్యాయో చూడొచ్చు. కిలోమీటర్ కూడా ఉండదు, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. దారిలో ఏం తినాలి? మ్యూనిక్‌లో అయితే ఇంట్లో వండుకుంటాం.

జవాబు: గుడ్డు కూడా తినరు కాబట్టి ముందే చెప్పాలి, బ్లాక్ ఫారెస్ట్‌లో వెజిటేరియన్ అనగానే తెచ్చిపెట్టే చీజ్ ష్పెట్స్లెలో గుడ్డు ఉంటుంది, ఆ పిండి కలిపేదే గుడ్డుతో. పల్చటి పిజ్జా లాంటి ఫ్లామ్‌కూహెన్ తినొచ్చు, కాకపోతే మామూలుగా బేకన్ ముక్కలు చల్లుతారు, లేకుండా చేయమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. ఉడికించిన పప్పు కనిపించింది కదా అని ఆశపడకండి, అందులో సాసేజ్ వేసి ఇస్తారు. పోర్చుగల్‌లో కాల్దో వెర్ద్ అనే ఆకుకూర సూప్ చూడ్డానికి మన ఆకుకూర పప్పు జారుడుగా చేసినట్టుంటుంది, అడుగున మాత్రం చొరీసు అనే సాసేజ్ ముక్క ఉంటుంది. కూరగాయల సూపు, రొట్టె, ఆలివ్‌లు, మేకపాల జున్ను దొరుకుతాయి, అడిగితే టమాటా అన్నం చేసిస్తారు, చేపల నీళ్లు పోయలేదు కదా అని మాత్రం అడగండి.

ఒడెమీరా చుట్టుపక్కల రాస్‌ప్‌బెర్రీ పండించే గ్రీన్‌హౌస్‌లు చాలా ఉన్నాయి. వాటిలో పనిచేసేవాళ్లలో నేపాల్ వాళ్లూ, భారతదేశం వాళ్లూ ఎందరో. అందుకని సావ్ తియోతోనియు లాంటి ఊళ్లలో కందిపప్పు, బాస్మతి, పచ్చిమిర్చి అమ్మే కొట్లు కనిపిస్తాయి. తీరం దారికి అది కొన్ని కిలోమీటర్లు లోపల, జాంబుజైరా నుంచి ట్యాక్సీలో పోవచ్చు. వంటగది ఉన్న బస తీసుకుంటే ఆ పూటకి పండగే.

జర్మనీ సంగతి మీకు తెలిసిందే, ఆదివారం దుకాణాలు మూత. అడవిలో దానికి తోడు గెస్ట్‌హౌస్‌లకి వారానికో రోజో రెండు రోజులో సెలవు, ఎక్కువగా సోమవారమో మంగళవారమో. ఇరవై కిలోమీటర్లు నడిచి ఆకలితో వెళ్తే తలుపు మీద రూహెటాగ్ (అంటే సెలవు రోజు) అని చీటీ వేలాడుతూ ఉంటుంది. ఏ రోజు ఏది మూసి ఉంటుందో రాసుకుని వెళ్లండి. పులిహోర పొడి, అటుకులు, కంది పొడి చిన్న ప్యాకెట్లుగా కట్టుకోండి, వేడినీళ్లు ఎక్కడైనా ఇస్తారు.

ప్రశ్న: ఒంటరిగా నడవాలనుకుంటున్నాను. ఐంథోవెన్‌లో ఉంటాను, వయసు 29. అమ్మకి చెబితే వద్దంటుంది. ఏది భద్రం?

జవాబు: మనుషుల భయం పెద్దగా రెంటిలోనూ లేదు. వసంతంలో ఫిషర్‌మెన్స్ ట్రైల్ మీద అందరూ ఒకే దిక్కుకి నడుస్తారు కాబట్టి పొద్దున చూసిన ముఖాలే సాయంత్రం హాస్టల్‌లో కనిపిస్తాయి, ఒంటరిగా వచ్చే అమ్మాయిలూ చాలామంది. రెండో రోజుకే మీకో జట్టు తయారవుతుంది. వెస్ట్‌వెగ్ మీద వారం మధ్యలో అయితే గంటల తరబడి మనిషి కనిపించడు, లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది. కొంతమందికి కావాల్సింది అదే, మీకు ఏది కావాలో మీరే చూసుకోండి. ఎమర్జెన్సీ నంబర్ రెండు చోట్లా 112.

అడవిలో నిజంగా భయపడాల్సింది పిడుదులకి. పశువులకి పట్టే గోమార్ల లాంటివే, ఆవగింజంత ఉంటాయి, మోకాలి వెనకా చంకల్లో అంటుకుంటాయి. ఆ ప్రాంతంలో వాటివల్ల మెదడువాపు వచ్చే ప్రమాదం ఉంది. దానికి వ్యాక్సిన్ ఉంది కానీ మూడు డోసులు, మొదటి రెండిటి మధ్యే ఒకటి నుంచి మూడు నెలలు ఆగాలి, అంటే వేసవిలో నడవాలంటే చలికాలంలోనే డాక్టర్‌ని కలవాలి. పిడుదుల వల్లే వచ్చే లైమ్ జబ్బుకి ఈ టీకా పనిచేయదు, రోజూ స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా చూసుకోవడమే. అమ్మకి రోజూ రాత్రి లొకేషన్ పంపిస్తానని చెప్పండి, ఒప్పుకుంటుంది.

ప్రశ్న: ఒక్క జత బూట్లతో రెండు చోట్లా సరిపెట్టుకోవచ్చా?

జవాబు: కుదరదు. ఇసుకకి తేలికైనవి, చీలమండ కింది దాకా చాలు, పైన ఇసుక దూరకుండా గుడ్డ గెయిటర్లు తొడగండి. అడవికి అడుగు గట్టిగా ఉండి వాన ఆగేవి. వాటర్‌ప్రూఫ్ బూట్లు ఇసుకలో వేసుకుంటే కాలు ఉడికిపోతుంది. డబ్బులు ఒక జతకే ఉంటే అడవికి కొనండి, సముద్రం దగ్గరికి మీ పాత రన్నింగ్ షూస్ తీసుకెళ్లండి, గెయిటర్లు చవకే.